నాన్నగారి ఆక్సిజన్ మిషన్‌కు ఏ ఇన్వర్టర్ కొనాలి?

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లె. నాన్నకు 68 ఏళ్లు, సీఓపీడీ (ఊపిరితిత్తుల జబ్బు) ఉంది. రోజుకు పదహారు గంటలు, నిమిషానికి 2 లీటర్ల చొప్పున ఆక్సిజన్ పెట్టమన్నారు డాక్టరుగారు. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే 5 లీటర్ల కాన్సంట్రేటర్ మిషన్ కొన్నాం. రాత్రిళ్లు ఊపిరికి సాయంగా మాస్కుతో గాలి పంపే బైపాప్ మిషన్ కూడా పెడుతున్నాం. ఇంట్లో ఫ్యాన్లకూ లైట్లకూ ఐదేళ్ల నాటి 850 వీఏ (ఎంత లోడు మోస్తుందో చెప్పే కొలత) ఇన్వర్టర్ ఉంది. గాలివాన వస్తే మా ఊళ్లో మూడు నాలుగు గంటలు కరెంటు ఉండదు. టౌన్లో కంప్యూటర్ షాపతను 600 వీఏ ‘మెడికల్ యూపీఎస్’ ఇస్తానంటున్నాడు. దాని మీద సీఈ, ఐఎస్ఓ గుర్తులున్నాయి. మా బావగారు లిథియం బ్యాటరీ పెట్టించమంటున్నారు. పక్కింటివాళ్లు చిన్న జనరేటర్ చాలంటున్నారు. ఏ సర్టిఫికెట్ చూసి నమ్మాలో తెలియడం లేదు. పోయిన వారం రాత్రి కరెంటు పోయినప్పుడు నాన్న నా చెయ్యి పట్టుకుని, మళ్లీ వచ్చేదాకా వదల్లేదు.
– ఒక కూతురు

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరంలో ఇన్వర్టర్ ఉంది, యూపీఎస్ ఉంది, లిథియం ఉంది, జనరేటర్ ఉంది. సిలిండర్ మాట మాత్రం లేదు. అందుకని అక్కడే మొదలుపెడతాను. ఎంత మంచి ఇన్వర్టర్ కొన్నా ఏదో ఒక రాత్రి అది మొరాయిస్తుంది. ఫ్యూజు పోవచ్చు, బ్యాటరీ దిగిపోవచ్చు, కాన్సంట్రేటరే పాడవ్వొచ్చు. ఇంట్లో నిండు సిలిండర్ లేకుండా కాన్సంట్రేటర్ ఒక్కదాని మీదే మనిషిని ఉంచకూడదు. ఈ వారంలోనే ఒక బీ టైప్ సిలిండర్ తెప్పించండి. నిండుగా ఉంటే అందులో సుమారు 1,500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 2 లీటర్ల చొప్పున పన్నెండున్నర గంటల లెక్క. చివరిదాకా వాడలేం కాబట్టి పది గంటలు అనుకోండి. రెగ్యులేటర్, ఆక్సిజన్ ఎంత వెళ్తోందో చూపే ఫ్లోమీటర్ బిగించే ఉంచండి, వాల్వు తిప్పే స్పానర్ తాడుతో దానికే కట్టెయ్యండి. చీకట్లో స్పానర్ కోసం వెతికిన ఇళ్లు చాలా చూశాను. సిలిండర్ పడిపోకుండా గోడకు గొలుసు వెయ్యండి. నూనె చేతులతో వాల్వు ముట్టుకోవద్దు. గ్రీజు, కొబ్బరినూనె లాంటివి ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్ తగిలితే భగ్గుమంటాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఏ ఇన్వర్టరూ కాపాడలేదు. మీదీ గోదావరి జిల్లాయే, తుపాను మీకు కొత్త కాదు. తుపాను హెచ్చరిక రాగానే సిలిండర్ నింపించుకోవడం, రెండోది తెచ్చిపెట్టుకోవడం, అవసరమైతే ముందురోజే నాన్నగారిని ఆసుపత్రి ఉన్న ఊళ్లో చుట్టాలింటికి మార్చడం. ఇంతకు మించిన బ్యాకప్ నాకు తెలియదు.

ఇక ఇన్వర్టర్ సంగతి. షాపుకు వెళ్లే ముందు కాన్సంట్రేటర్ వెనక్కి తిప్పి ప్లేటు చదవండి. ఎన్ని వోల్టులు, ఎన్ని వాట్లు అని ఉంటుంది. 5 లీటర్ల మిషన్లు మామూలుగా 300 నుంచి 400 వాట్ల మధ్య లాగుతాయి. మీరు 2 లీటర్లే పెట్టారు కదా అని చాలా మోడళ్లలో పెద్దగా తగ్గదు. లోపల కంప్రెసర్ ఒకే తీరున నడుస్తూనే ఉంటుంది. ఆ కంప్రెసర్ మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. చాలామందికి తెలియక దెబ్బ తినేది ఇక్కడే. నడుస్తున్నప్పటి వాట్లు చూసి ఇన్వర్టర్ కొంటారు, స్టార్ట్ చెయ్యగానే ఓవర్‌లోడ్ అని ఆగిపోతుంది.

ఇంకోటి. ఇన్వర్టర్ ఇచ్చే కరెంటు ‘ప్యూర్ సైన్ వేవ్’ అయి తీరాలి, అంటే లైను కరెంటులాగే నున్నటి అలలా ఉండాలి. చవక ఇన్వర్టర్లు మెట్టు మెట్టుగా ఎగిరి పడే ‘స్క్వేర్ వేవ్’ ఇస్తాయి. బల్బు వెలుగుతుంది, ఫ్యాన్ కొద్దిగా గుయ్యిమంటూ తిరుగుతుంది, మనకు తేడా తెలియదు. మోటారుకు తెలుస్తుంది. ఇది నేను మా అమ్మ కాన్సంట్రేటర్ మీదున్నప్పుడు నేర్చుకున్నాను. నేను అప్పటికే ఆసుపత్రుల్లో పరికరాలు రిపేరు చేసే పనిలో ఉన్నాను. అయినా ఇంటి సంగతికొచ్చేసరికి తొందరపడి, ఒక షాపువాడు ‘పేషెంట్లకు ఇదే సార్’ అంటే ఇన్వర్టర్ కొనుక్కొచ్చాను. మొదటిసారి కరెంటు పోగానే కాన్సంట్రేటర్ చప్పుడు మారింది. రోజూ బుస్సు బుస్సుమని ఊపిరి తీసినట్టుండే మిషన్ తుమ్మెదలా ఒకే రొద పెట్టింది. అరగంట తర్వాత దాని మీద చెయ్యి పెడితే ఇస్త్రీ చేసిన బట్టలా వేడి. గంట కాకముందే అలారం కొట్టి ఆగిపోయింది. ఆ రాత్రి అమ్మను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఇన్వర్టర్ డబ్బా మీద ఎక్కడా ‘సైన్ వేవ్’ అన్న మాటే లేదని మర్నాడు చూశాను. డబ్బా మీదా, మాన్యువల్‌లో స్పెసిఫికేషన్ల పట్టికలోనూ ఆ మాట ఉంటేనే కొనండి. షాపతను నోటితో చెప్పింది లెక్క కాదు. ‘మాడిఫైడ్ సైన్’, ‘సిమ్యులేటెడ్ సైన్’, ‘స్టెప్డ్ సైన్’ అని ఉంటే అవి వేరు, అవి వద్దు.

మీ ఇంట్లోని 850 వీఏ ఇన్వర్టర్‌ను ఫ్యాన్లకే వదిలెయ్యండి. నాన్నగారి గదికి వేరేది పెట్టించండి. లెక్క ఇలా. కాన్సంట్రేటర్ 350 వాట్లు, బైపాప్ 50, ఒక ఫ్యాన్, ఒక ఎల్ఈడీ బల్బు. మొత్తం 450 నుంచి 500 వాట్లు. కంప్రెసర్ స్టార్టింగ్ తట్టుకోవడానికి చోటుండాలి కనుక 1,400–1,500 వీఏకు తక్కువ చూడొద్దు. బ్యాటరీ 12 వోల్టులు, 150 ఏహెచ్ (ఆంపియర్-గంటలు) అంటే కాగితం మీద 1,800 వాట్-గంటలు. కానీ ఆ 150 అన్నది ఇరవై గంటల పాటు నెమ్మదిగా వాడితే వచ్చే లెక్క. గబగబా వాడితే తగ్గుతుంది. ఇన్వర్టర్ కొంత తినేస్తుంది. చేతికొచ్చేది 1,200 దరిదాపుల్లో. మీ లోడుకు ఒక కొత్త బ్యాటరీ రెండున్నర గంటలు వస్తుంది. మీకు పోయేది మూడు నాలుగు గంటలు కాబట్టి రెండు బ్యాటరీల 24 వోల్టుల సిస్టమ్ తీసుకోండి, ఐదు గంటల దాకా వస్తుంది. రెండు మూడేళ్లు పోయాక అదీ తగ్గుతుంది. బైపాప్‌లో నీళ్లు వేడిచేసే హ్యుమిడిఫయర్ ఉంటే కరెంటు పోయినప్పుడు దాన్ని కట్టెయ్యండి. బైపాప్ లాగే కరెంటులో పెద్ద వాటా దానిదే.

కంప్యూటర్ షాపతని 600 వీఏ యూపీఎస్ గురించి ఒక్క మాట చాలు. ఆ సైజు యూపీఎస్‌లలో మామూలుగా ఉండేది 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ. అంటే 84 వాట్-గంటలు. అవి 360 వాట్లు మోస్తాయి, అదీ ఎక్కువ భాగం స్టెప్డ్ వేవ్‌తో. కంప్యూటర్ సేవ్ చేసి కట్టెయ్యడానికి చేసిన వస్తువది. మీ కాన్సంట్రేటర్‌ను స్టార్ట్ చెయ్యగలిగితే ఐదు నిమిషాలు నడుపుతుందేమో. ‘మెడికల్’ అని స్టిక్కరు వేసినంత మాత్రాన లోపలి బ్యాటరీ పెరగదు.

మీరు అసలడిగింది సర్టిఫికెట్ల గురించి. ఈ గుర్తులన్నీ ఒకేలా కనిపిస్తాయి, ఒక్కోటి ఒక్కో సంగతి చెబుతుంది. ఐఎస్ఓ 9001 అంటే ఆ ఫ్యాక్టరీలో పని పద్ధతిగా జరుగుతోందని. ఈ డబ్బా షాక్ కొట్టదని కాదు. ఆర్ఓహెచ్ఎస్ అని ఉంటే సీసం లాంటి హానికర పదార్థాలు పరిమితి దాటలేదని. సీఈ అన్నది యూరప్ మార్కెట్ కోసం. ఇలాంటి వస్తువుల మీద అది చాలావరకు తయారీదారు తనంతట తాను ఇచ్చుకునే హామీ, అచ్చు కొట్టించడానికి అడ్డం ఎవరూ ఉండరు. మన దేశంలో అమ్మే 5 కేవీఏ లోపు ప్రతి యూపీఎస్‌కూ, ఇన్వర్టర్‌కూ బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది భద్రతకు సంబంధించిన ఐఎస్ 16242 మొదటి భాగం ప్రకారం లాబ్‌లో పరీక్ష చేశాక ఇచ్చేది. ఇన్వర్టర్ వెనకనో అడుగునో బీఐఎస్ గుర్తుతో పాటు ‘ఐఎస్ 16242’ అనీ, ‘ఆర్-’ తర్వాత ఎనిమిది అంకెల నంబరూ ఉండాలి.

ఉంటే సరిపోదు. షాపులోనే ఫోన్ తీసి ‘బీఐఎస్ కేర్’ యాప్ తెరవండి. ఆర్ నంబరు వెరిఫై చేసే చోట ఆ అంకెలు కొట్టండి. ఏ కంపెనీ, ఏ బ్రాండు, ఏ మోడళ్లు, రిజిస్ట్రేషన్ ఇంకా నడుస్తోందా అన్నది వస్తుంది. మీ ముందున్న డబ్బా మీద మోడల్ పేరు ఆ జాబితాలో కనపడాలి. ఒక మోడల్‌కు తీసుకున్న నంబరు ఇంకోదాని మీద అచ్చేసి అమ్మేవాళ్లున్నారు. ఇలా సరిచూడ్డానికి రెండు నిమిషాలు పడుతుంది, షాపతను విసుక్కున్నా ఫర్వాలేదు. వైర్లు, ప్లగ్గులు, సాకెట్లకు మాత్రం ఐఎస్ఐ మార్కు చూడాలి. వైరు మీద ఐఎస్ 694, ప్లగ్గు మీద ఐఎస్ 1293 ఉంటాయి. ఇన్వర్టర్‌కు వేలు పోసి పది రూపాయల ప్లగ్గు దగ్గర పొదుపు చేస్తారు మనవాళ్లు. కాలేది ఆ ప్లగ్గే.

‘మెడికల్ గ్రేడ్’ అన్న మాటకు అసలు అర్థం వేరే ఉంది. వైద్య పరికరాల విద్యుత్ భద్రతకు ఐఈసీ 60601-1 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, మన దేశంలో దాన్నే ఐఎస్ 13450 అంటారు. ప్రతి కరెంటు వస్తువు నుంచీ కంటికి కనపడని రవ్వంత కరెంటు ఒంటి మీదికి కారుతుంది, దాన్ని లీకేజీ కరెంటు అంటారు. మనకు అది తెలియను కూడా తెలియదు. అదే గుండె దాకా వైరు వేసి ఉన్న రోగికైతే ప్రాణం మీదికి రావచ్చు. అందుకే గుండెకు తగిలే పరికరాలకు ఆ ప్రమాణం మామూలు స్థితిలో 10 మైక్రో ఆంపియర్లకు మించనివ్వదు. నిజమైన మెడికల్ యూపీఎస్‌లో ఈ లీకేజీని ఆపే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. బరువుగా ఉంటుంది, ఖరీదూ ఎక్కువే. ఎవరైనా మెడికల్ గ్రేడ్ అంటే, ‘ఈ మోడల్‌కు 60601 టెస్ట్ రిపోర్టు చూపించండి’ అని అడగండి. రిపోర్టు మీద లాబ్ పేరు, మోడల్ నంబరు ఉంటాయి. ఆ ప్రశ్నకు స్టిక్కరు చూపించేవాడి దగ్గర కొనొద్దు.

మీకు అది కావాలా అంటే, నా ఉద్దేశంలో అక్కర్లేదు. నాన్నగారి ముక్కు దగ్గరికి వెళ్లేది ప్లాస్టిక్ గొట్టం, ఒంటికి ఏ వైరూ తగలడం లేదు. కాన్సంట్రేటర్ ప్లేటు మీద చతురస్రంలో ఇంకో చతురస్రం బొమ్మ ఉందేమో చూడండి. ఉంటే కరెంటు బయటికి తగలకుండా రెండు పొరల రక్షణ (డబుల్ ఇన్సులేషన్) ఉన్న మిషన్ అని. అలాంటి ఇంటి మిషన్‌కు బీఐఎస్ రిజిస్టరైన మంచి సైన్ వేవ్ ఇన్వర్టర్ చాలు. కాకపోతే కాన్సంట్రేటర్ మాన్యువల్‌లో బ్యాకప్ గురించి ఏం రాశారో చదవండి, అందులో వద్దన్నది చెయ్యొద్దు. ఇన్వర్టర్ మాన్యువల్ కూడా చూడండి. ‘ప్రాణాధార పరికరాలకు వాడరాదు’ అని చాలా కంపెనీలు చిన్న అక్షరాల్లో రాస్తాయి. అలా ఉంటే దాని మీద కంపెనీ బాధ్యత తీసుకోదు. సిలిండర్ గురించి నేను అంత గట్టిగా చెప్పడానికి అదీ ఒక కారణం. మీరు కాకుండా ఇంట్లో వెంటిలేటర్ మీదున్న మనిషి కోసం ఎవరైనా ఇది చదువుతుంటే, నా సలహా మీ కోసం కాదు. ఆసుపత్రి బయోమెడికల్ ఇంజనీరును అడగకుండా ఏమీ కొనొద్దు.

ఇన్వర్టర్, బ్యాటరీలు నాన్నగారి గదిలో పెట్టకండి. ఆసుపత్రి ప్రమాణంలో రోగి చుట్టూ ఒకటిన్నర మీటరు మేర ప్రత్యేకంగా చూస్తారు, ఆ పరిధిలోకి అసలు రానివ్వొద్దు. ట్యూబులర్ బ్యాటరీ (ఇన్వర్టర్లకు మామూలుగా వాడే యాసిడ్ బ్యాటరీ) ఛార్జ్ అయ్యేటప్పుడు నిప్పంటుకునే హైడ్రోజన్ వస్తుంది. హాల్లోనో వరండాలోనో గాలి ఆడే చోట పెట్టించి, అక్కడినుంచి గదికి వేరే వైరు లాగి 16 ఆంపియర్ల మూడు పిన్నుల సాకెట్ వేయించండి. కాన్సంట్రేటర్ ఆ గోడ సాకెట్లోకే వెళ్లాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు, మల్టీ ప్లగ్గులు వద్దు. ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టించి చూపించమనండి. పాత ఇళ్లలో మూడో పిన్నుకు వైరే ఉండదు, సాకెట్ మాత్రం మూడు పిన్నులతో మెరుస్తుంటుంది.

వోల్టేజీ కూడా చూడాలి. కరెంటు ఉన్నంతసేపూ మామూలు ఇన్వర్టర్ బయటి వోల్టేజీనే అలాగే లోపలికి పంపిస్తుంది. ఎండాకాలం రాత్రి ఊరంతా ఏసీలు వేసుకునే వేళ సాకెట్లో ఎంతుందో కొలిపించండి. కాన్సంట్రేటర్లు మామూలుగా 230కి పది శాతం అటూ ఇటూ తట్టుకుంటాయి, అంటే 207 నుంచి 253. అంతకు తగ్గుతుంటే ఇన్వర్టర్‌కు ముందు, దాని ఛార్జింగ్ లోడు కూడా మోయగల స్టెబిలైజర్ పెట్టించాలి. రోజూ ఇదే గోలైతే బయట పెద్ద బ్యాటరీలు తగిలించే ఆన్‌లైన్ యూపీఎస్ మంచిది. ఎప్పుడూ ఒకే వోల్టేజీ ఇస్తుంది. ఫ్యాన్ చప్పుడు, కరెంటు బిల్లు కొంచెం ఎక్కువ.

బావగారు చెప్పిన లిథియం చెడ్డదేం కాదు. డిస్టిల్డ్ వాటర్ పొయ్యక్కర్లేదు, యాసిడ్ లేదు, ఎక్కువ ఏళ్లొస్తుంది. అయితే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం, కంపెనీది, ఐఈసీ 62619 టెస్టు రిపోర్టు ఉన్నది మాత్రమే. దానికి తగిన ఛార్జింగ్ సెట్టింగ్ ఇన్వర్టర్‌లో ఉండాలి. సెల్స్ కొని ఊళ్లో కట్టిచ్చే ప్యాకులు ఎంత చవకైనా ఇంట్లోకి రానివ్వొద్దు. జనరేటర్ పొగలో వాసన లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. ఊపిరితిత్తులు బాగాలేని మనిషి ఉన్న ఇంటి కిటికీ పక్కన దాన్ని పెట్టే ఆలోచనే మానుకోండి. తుపాను రోజుల్లో బ్యాటరీలు ఛార్జ్ చేసుకోవడానికి వాడినా, ఇంటికి కనీసం ఇరవై అడుగుల దూరంలో, ఆరుబయట.

అన్నీ బిగించాక ఎలక్ట్రీషియన్ వెళ్లేలోపే టెస్టు చెయ్యండి. పగటిపూట, నాన్నగారికి సిలిండర్ ఆక్సిజన్ పెట్టి, పక్కన ఒక మనిషిని ఉంచి, మెయిన్ ఎంసీబీ కిందికి దించండి. ఇన్వర్టర్ ప్లగ్గు పీకొద్దు, పీకితే ఎర్తింగ్ కూడా పోతుంది. కాన్సంట్రేటర్ ఆగిందా, ఆగితే దానంతటదే మళ్లీ లేచిందా, చప్పుడు మారిందా, వేడెక్కుతోందా అని చూడండి. ఆగి లేచిన మిషన్ సరైన ఆక్సిజన్ ఇవ్వడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. బ్యాటరీ తక్కువని ఎన్ని గంటలకు కూత పెట్టిందో క్యాలెండర్ మీద రాసుకోండి. మూడు నెలలకోసారి మళ్లీ చెయ్యండి. ఆ గంటలు సగానికి పడిపోయిన రోజు కొత్త బ్యాటరీలు.

రాత్రి కరెంటు పోయి ఇన్వర్టర్ కూడా అందుకోకపోతే మొట్టమొదట బైపాప్ మాస్కు తీసెయ్యండి. మిషన్ ఆగిపోయిన మాస్కులో వదిలిన గాలినే మళ్లీ పీలుస్తారు. తర్వాత సిలిండర్ తెరిచి ముక్కు గొట్టం తగిలించండి. ఆయాసం చూసి భయపడి ఫ్లో పెంచకండి. ఇది చాలా ముఖ్యం. సీఓపీడీలో ఆక్సిజన్ మరీ ఎక్కువిస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగతలోకి వెళ్లిపోతారు. చాలామందికి డాక్టర్లు వేలికి పెట్టే పల్స్ ఆక్సిమీటర్‌లో ఆక్సిజన్ 88–92 శాతం మధ్య ఉంచమంటారు. మీ నాన్నగారికి ఎంతో డాక్టరుగారిని అడిగి సిలిండర్ మీదే స్కెచ్ పెన్నుతో రాయండి. అంకె దాని కంటే పడిపోతున్నా, మనిషి మత్తుగా ఉన్నా 108కి ఫోన్ చెయ్యండి. కరెంటు ఆఫీసు నంబరు 1912. మీ లైన్‌మన్‌కు, సెక్షన్ ఆఫీసుకు ఇంట్లో ఆక్సిజన్ మీదున్న మనిషి ఉన్నారని ఒక కాగితం రాసివ్వండి. మరమ్మతులకు లైను తీసే ముందు ఫోన్ చేసి చెప్పే మంచివాళ్లు వాళ్లలో చాలామంది ఉన్నారు.

ఆ గదిలో కొవ్వొత్తి ఉంటే ఇవాళే తీసెయ్యండి. కరెంటు పోగానే చెయ్యి అలవాటుగా అగ్గిపెట్టె మీదికే వెళ్తుంది. ఆక్సిజన్ నడుస్తున్న గదిలో దుప్పటి, దిండు, గడ్డం వెంట్రుకలు అన్నీ దాన్ని పట్టుకుని ఉంటాయి, చిన్న నిప్పురవ్వ చాలు. దీపం, అగరొత్తులు, దోమల చుట్ట కూడా అక్కడ వద్దు. ఛార్జింగ్ లైటు ఒకటి మంచం తలాపున మేకుకు తగిలించండి.

టెస్టు చేసే రోజు నాన్నగారిని పక్క గదిలోకి పంపకండి. అక్కడే కూర్చోబెట్టండి. కరెంటు పోగానే కాన్సంట్రేటర్ వేసే కూత, ఇన్వర్టర్ అందుకునే టక్కుమనే చప్పుడు, సిలిండర్ తెరిచినప్పటి సుయ్యిమనే శబ్దం, మూడూ పగలే విననివ్వండి. ఫ్లోమీటర్‌లో బంతి రెండు దగ్గరకు ఆయన చేతే తిప్పించండి. ప్లేటు మీది వాట్లు, సాకెట్లో వోల్టేజీ నాకు రాసి పంపితే లెక్క మళ్లీ సరిచూసి చెబుతాను.